బుగ్గన దాచిన మాత్ర

"నా చేత్తో నేనే ఇచ్చానండీ. రోజూ పొద్దున నేనే ఇచ్చాను. నా కళ్ళముందే నోట్లో వేసుకున్నాడు. ఇంకెన్నిసార్లు చెప్పను?"

క్రేన్ ఆపరేటర్ భార్య పోలీస్‌స్టేషన్ బల్లమీద అరచేత్తో ఒక్కటి చరిచింది. ఏడుపు ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడామె కోపం మీద నడుస్తోంది. ఎదురుగా కూర్చున్న డిటెక్టివ్‌కి అదే నచ్చింది. ఏడ్చేవాళ్ళకంటే మండిపడేవాళ్ళ దగ్గరే నిజం తొందరగా బయటపడుతుందని ఆవిడ నమ్మకం.

డిటెక్టివ్ అంటే టోపీ పెట్టుకుని పైపు కాల్చే మనిషి కాదు. పోలీసుశాఖలో జీవితమంతా అరిగించి రిటైరైన ఆడమనిషి. ఉద్యోగంలో ఉన్నప్పుడు వెనకాల మొండిఘటం అనేవాళ్ళు, రిటైరయ్యాక మొహం మీదే అంటున్నారు. ఆవిడకి ఏ తేడా లేదు. ఈ కేసు ఆవిడకి అప్పగించింది భార్య తరఫు లాయరు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటగానే పోలీసులు ఈ భార్యని హత్య నేరం మీద కోర్టుకి తీసుకెళ్తారు. ఈలోగా ఏదైనా తేల్చాలి. తేల్చకపోతే ఈవిడ జైలుకి, బళ్ళో చదివే కూతురు ఆడపడుచు ఇంటికి.

విషయం ఇదీ. భర్త ఒక పెద్ద భవనం కట్టేచోట టవర్ క్రేన్ నడిపేవాడు. ఆకాశంలో ఆ చిన్న కేబిన్‌లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ప్రాణం వదిలాడు. బీపీ పెరిగి మెదడులో నరం చిట్లిందన్నారు డాక్టర్లు. రక్తం పరీక్ష చేస్తే బీపీ మందు జాడ లేదు. ఇంట్లో చూస్తే మాత్రల స్ట్రిప్పులు మాత్రం క్రమం తప్పకుండా ఖాళీ అవుతూ వచ్చాయి. కాబట్టి భార్య ఇచ్చింది ఆ మాత్ర కాదు, మార్చి ఇంకేదో ఇచ్చింది అని ఇన్‌స్పెక్టర్ లెక్క. పైగా మొగుడూ పెళ్ళాలకి పడటంలేదని ఆడపడుచు కంప్లైంటు.

"ఏం మాత్ర అది?" అడిగింది డిటెక్టివ్.

"నీళ్ళ మాత్ర అంటారండీ. ఒంట్లో ఎక్కువైన నీరంతా బయటికి తోసేసి బీపీ తగ్గిస్తుందట. మొదట్లో బాగా తగ్గింది. ఈమధ్యే మళ్ళీ ఎగబాకింది. డాక్టరుగారు డోసు పెంచారు. అయినా దిగలేదు."

"వేసుకున్నాక ఏం చేసేవాడు?"

"నీళ్ళు తాగి పనికి వెళ్ళిపోయేవాడు."

"మీతో ఏమైనా మాట్లాడేవాడా?"

భార్య చటుక్కున తలెత్తింది. "మీరూ ఆ మాటే అడుగుతున్నారా? మాట్లాడేవాడు కాదండీ. తల ఊపి, చెప్పులేసుకుని పోయేవాడు. ఏంటయ్యా అలా ఉన్నావంటే చెయ్యి ఊపేవాడు. క్రేన్ పని మానెయ్యమని నేను పోరుపెట్టాను, ఆ కోపం అనుకున్నాను. సొంత మనిషి కదా అని మా ఆడపడుచు దగ్గర చెప్పుకుని ఏడిచాను. ఆవిడ దాన్నే పట్టుకుని నా మీద కేసు పెట్టింది."

"సాయంత్రం ఇంటికొచ్చాక?"

"సాయంత్రం మామూలే. కూతుర్ని ఆటపట్టించేవాడు, నాతో జోకులేసేవాడు. అదే నాకు అంతుపట్టలేదు. పొద్దున పూట మాత్రమే ఈ కోపమేంటండీ?"

డిటెక్టివ్ కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "దాహంగా ఉండేదా ఆయనకి? ఇంటికి రాగానే?"

"చెంబులకి చెంబులు ఎత్తేవాడండీ. ఎడారిలోంచి వచ్చినవాడిలా."

"చాలు తల్లీ. మీరు కాస్త తినండి. కోపంగా ఉండండి, ఫరవాలేదు. ఖాళీ కడుపుతో మాత్రం ఉండకండి."

గది బయట ఇన్‌స్పెక్టర్ గోడకి ఆనుకుని టీ తాగుతున్నాడు. ఒకప్పుడు ఈ డిటెక్టివ్ దగ్గరే శిక్షణ తీసుకున్న మనిషి. అప్పుడు తిన్న చీవాట్లన్నీ ఇప్పటికీ అరగలేదు.

"ఏం మేడమ్, కథ బాగా చెప్పిందా?"

"బాగానే చెప్పింది. మీకే వినడం రాలేదు."

"రక్తంలో మందు లేదు. స్ట్రిప్పులు ఖాళీ. తన చేత్తోనే ఇచ్చానని తనే ఒప్పుకుంటోంది. మొగుడితో మాటల్లేవని కూడా తనే అంది. ఇంకేం వినమంటారు?"

డిటెక్టివ్ హ్యాండ్‌బ్యాగులోంచి తన బీపీ మాత్ర తీసి నోట్లో వేసుకుంది. సీసా ఎత్తి గటగటా నీళ్ళు తాగింది. ఇన్‌స్పెక్టర్ వైపు చూసి తల ఊపింది.

"మీకూ బీపీ ఉందా మేడమ్?"

ఆవిడ మళ్ళీ తల ఊపింది. ఏం మాట్లాడలేదు. అతను ఇబ్బందిగా కదిలాడు. "ఏంటి మేడమ్, కోపమా?"

అప్పుడు ఆవిడ నోరు తెరిచి చూపించింది. పంటికీ బుగ్గకీ మధ్య మాత్ర అలాగే ఉంది. ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు.

మాత్ర నిజంగా మింగేసి ఆవిడ అంది, "నోట్లో మాత్ర ఉన్నవాడు పెళ్ళాంతో ఏం మాట్లాడతాడు? నోరు విప్పితే దొరికిపోతాడు. అందుకే తల ఊపి పారిపోయేవాడు. మీరు మాటల్లేవని రాసుకున్నారే, అది తగువు కాదు. దొంగతనం."

"సరే, దాచాడే అనుకుందాం. ఎందుకు? బతకాలని ఉన్నవాడు, కూతురున్నవాడు, మందెందుకు మానేస్తాడు?"

"అదీ ప్రశ్న. ఈ కేసులో మొట్టమొదట అడగాల్సింది. మీరు పెళ్ళాం ఎందుకు చంపింది అని మొదలెట్టారు. మొదలే వంకర."

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. "ప్రైవేటు వాళ్ళు నాకు పాఠాలు చెప్పక్కర్లేదు."

"ప్రైవేటుగా కాబట్టే చెబుతున్నాను. నేను ఉద్యోగంలో ఉంటే అందరి ముందూ చెప్పేదాన్ని. క్రేన్ కేబిన్ చూశారా?"

"కిందనుంచి చూశాం. శవాన్ని దించినవాళ్ళు ఫోటోలు తీశారు. సీల్ చేశాం."

"అంటే పైకి ఎక్కలేదు."

"మేడమ్, అది పదంతస్తుల మేడ మెట్లు కాదు. నిట్టనిలువు ఇనుప నిచ్చెన. మీ వయసుకి..."

"నా వయసు సంగతి నా మోకాళ్ళు చూసుకుంటాయి. మీరు సీల్ విప్పే కాగితం పట్టుకురండి."

మధ్యలోనే కూలబడుతుందేమోనన్న ఆశో, నవ్వుకోవచ్చన్న సరదానో, ఇన్‌స్పెక్టర్ కాదనలేదు.

సైట్ గేటు దగ్గర మేనేజరు ఎదురొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తెల్ల హెల్మెట్. మా ఆపరేటర్ బంగారంలాంటి మనిషి, ఇంట్లో పరిస్థితే బాగాలేదు పాపం అంటూ మొదలెట్టాడు. డిటెక్టివ్ మధ్యలోనే అడ్డుకుంది.

"టాయిలెట్ ఎక్కడ?"

"ఆ చివర్న మేడమ్, గేటు పక్కన. వెళ్ళొస్తారా?"

"నాకు కాదు. పైనున్న ఆపరేటర్‌కి అవసరమైతే ఎలా?"

మేనేజరు హెల్మెట్ సర్దుకున్నాడు. "భోజనానికి దిగుతారు కదండీ."

"దానికి ముందు? దాని తర్వాత?"

"మధ్యలో దిగి ఎక్కితే అరగంట పని ఆగిపోతుంది మేడమ్. కింద ఇంతమంది చేతులు ముడుచుకుని నిలబడాలి. పెద్దవాళ్ళు కదా, ఓర్చుకుంటారు."

డిటెక్టివ్ అతన్ని పైనుంచి కిందకి ఒకసారి చూసింది.  అది తిట్టుకంటే గట్టిగానే తగిలింది.

ఒకటో నంబరు క్రేన్ అడుగున కాపలావాడు నిచ్చెనకి అడ్డంగా నిలబడ్డాడు. ఆవిడ నడుముకి బెల్టు బిగించాడు, భుజానికి వాకీటాకీ తగిలించాడు, తర్వాత బ్యాగులో చెయ్యిపెట్టి నీళ్ళ సీసా తీసి పక్కన పెట్టాడు.

"సీసాలు పైకి పోకూడదమ్మా. రూలు."

"మంచినీళ్ళే కదయ్యా."

"ఏ నీళ్ళైనా సరే. నాకేం తెలుసమ్మా, సీసా కనబడితే నా ఉద్యోగం ఊడుతుంది."

డిటెక్టివ్ మేనేజరు వైపు తిరిగింది. అతను గబగబా ఫోను తీసి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటించాడు. ఇన్‌స్పెక్టర్ ఇంకో వాకీటాకీ అందుకుని కిందే నిలబడ్డాడు. "మీరూ రండి," అంది ఆవిడ. "నాకు మోకాలు..." అన్నాడతను. తనకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు!

ఎక్కింది. మధ్యమధ్య ఇనుప పలకల మీద ఆగి ఊపిరి తీసుకుంటూ, మోకాళ్ళని బూతులు తిడుతూ ఎక్కింది. గాలి చీరకొంగుని లాగుతుంటే దాన్ని నడుముకి దోపింది. సగం దూరం పోయేసరికి నాలుక అంగిలికి అంటుకుపోయింది. నీళ్ళు కావాలనిపించింది. సీసా కింద ఉంది. దాని కోసం ఇదంతా దిగి మళ్ళీ ఎక్కాలి. ఆ ఆలోచనకే ఆవిడకి ఒళ్ళు మండింది.

కేబిన్ అంటే అద్దాల డబ్బా. ఒక సీటు, దానికి అటొకటి ఇటొకటి లివర్లు, ఎర్రబటన్ ఒకటి. కాళ్ళ కింద కూడా అద్దమే. ఆవిడ సీల్ విప్పి లోపలికి దూరి, ఆ సీట్లోనే కూర్చుని, ఆ మనిషి చూసినట్టే చూసింది. కింద ఇన్‌స్పెక్టర్ పెసరగింజంత ఉన్నాడు. ఎదురుగా, కేకేస్తే వినపడేంత దగ్గరలో, రెండో నంబరు క్రేన్ తిరుగుతోంది. దాని కేబిన్‌లో పల్చటి మనిషి ఒకడు.

సీటు వెనక వెతికింది. పాత గుడ్డ. చేతి తొడుగులు. సీటు కిందకి చెయ్యి పోనిచ్చింది. గ్రీజు డబ్బా తగిలింది. బరువుగా లేదు. మూత తిప్పింది.

గ్రీజు లేదు. శుభ్రంగా తుడిచిన డబ్బాలో గుప్పెళ్ళకొద్దీ మాత్రలు. కొన్ని అంచులు కరిగి మళ్ళీ ఎండినవి, ఉమ్ము తగిలినవి. రోజూ పొద్దున పెళ్ళాం చేత్తో ఇస్తే బుగ్గన పెట్టుకుని, వీధి మలుపు తిరగ్గానే జేబులో వేసుకుని తెచ్చినవి. పారేయొచ్చు. మురిక్కాలవలో వేస్తే ఎవడికి తెలుసు? పారేయలేదు. పెళ్ళాం ఇచ్చింది పారేయడానికి చేతులు రాలేదు వాడికి. పిచ్చివాడా, అనుకుంది డిటెక్టివ్. మింగనూ లేవు, విసిరేయనూ లేవు.

వాకీటాకీ బటన్ నొక్కింది. "ఇన్‌స్పెక్టర్‌గారూ, దొరికాయి. నీళ్ళ మాత్రలు. ఆవిడ మార్చలేదు. ఆయనే మింగలేదు."

కిందనుంచి గరగరమంటూ జవాబొచ్చింది. "అక్కడ ఆవిడే పెట్టించి ఉండొచ్చు కదా!"

"ఈ నిచ్చెన ఎక్కొచ్చి పెట్టిందా? మీరే ఎక్కలేదు కదయ్యా బాబూ!"

ఎవడో ఆ ఛానెల్‌లోనే కిసుక్కున నవ్వాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. ఈ వాకీటాకీలో మాట్లాడేది సైట్‌లో అందరికీ వినపడుతుంది. మంచిదే, వినండి అనుకుంది.

"రెండో నంబరు క్రేన్, వింటున్నావా?"

ఎదురు కేబిన్‌లో పల్చటి మనిషి ఇటు తిరిగాడు. ఇద్దరి మధ్యా గాలి తప్ప ఏమీ లేదు. "వింటున్నా మేడమ్. నన్ను గువ్వ అంటారు. మీరు కూర్చున్న సీటు నాదీను. నేనూ అన్నా షిఫ్టులు మార్చుకునేవాళ్ళం. అన్న పోయాక దాన్ని మూసేసి నన్నిటు వేశారు."

"మీ అన్న మాత్రెందుకు మింగేవాడు కాదు?"

"గువ్వా, పని చూసుకో!" మేనేజరు గొంతు అడ్డొచ్చింది. "ఛానెల్ ఖాళీ చెయ్!"

గువ్వ క్రేను తిప్పుతూనే ఉన్నాడు. కొక్కేనికి ఇనుప ఊచల మోపు వేలాడుతోంది.

"చెప్పు నాన్నా," అంది డిటెక్టివ్. "ఆయన పెళ్ళాన్ని ఇవాళ జైల్లో వేస్తారు."

"వదినని?" ఆ గొంతు మారిపోయింది. "వదిననా? ఏం పొయ్యేకాలం వీళ్ళకి! వినండి మేడమ్. ఆ మాత్ర వేసుకుంటే గంటకోసారి వెళ్ళాలి. ఇక్కడ ఎక్కడికి వెళ్తాం? మొదట్లో సీసా తెచ్చుకునేవాళ్ళం. సిగ్గెందుకు, అందరూ అంతే. ఒకరోజు గాలికి ఒక సీసా జారి కిందపడింది. అదీ ఓనరుగారి కొత్తకారు మీద. ఆరోజునించీ సీసాలు బంద్. మంచినీళ్ళ సీసా కూడా బంద్. దిగుతామంటే సార్ ఒప్పుకోరు. అన్న ఒకసారి ఆగలేకపోయాడు. తడిసిన ప్యాంటుతో దిగాడు. కింద అందరూ చూశారు. చప్పట్లు కొట్టారు మేడమ్. ఆ తర్వాత అన్న పొద్దున ఆ మాత్ర మింగలేదు. డ్యూటీలో నీళ్ళూ తాగేవాడు కాదు."

"రాత్రి వేసుకోవచ్చు కదా?"

"వేసుకున్నాడు ఒకట్రెండు రోజులు. తెల్లార్లూ లేస్తే నిద్రెక్కడిది? నిద్రలేకుండా ఇది నడిపితే కింద శవాలే. డాక్టరుకి చెప్పన్నా, వేరే మందిస్తాడు అన్నా. చెబితే క్రేన్ మీద పనికిరాడని రాసేస్తాడేమో అన్నాడు. వదినకి చెప్పు అన్నా. చప్పట్ల సంగతి దానికి చెప్పమంటావా అన్నాడు."



"విన్నారా ఇన్‌స్పెక్టర్‌గారూ?" డిటెక్టివ్ గొంతు పెంచింది. "మనిషి మందు మానేశాడంటే మొండివాడంటాం, మతిలేదంటాం, పెళ్ళాం చంపిందంటాం. ఒక్కరైనా ఆయన రోజు ఎలా గడుస్తుందో అడిగారా? స్టేషన్‌కి ఫోన్ చెయ్యండి. ఆవిణ్ణి వదలమనండి. మీ ఆయనకి మీ మీద కోపం లేదు, సిగ్గు మాత్రమే అని నా మాటగా చెప్పమనండి. ఇప్పుడే."

కిందనుంచి జవాబొచ్చింది. "చేస్తున్నాను మేడమ్." ఆ గొంతులో వెటకారం లేదు.

డబ్బా మూయబోయి ఆగింది. అడుగున వేరే మాత్రలున్నాయి. పచ్చటివి. వాటి మధ్య చిరిగిన రేకు ముక్క ఒకటి. అంచుమీద సగం మిగిలిన పేరు చూసింది. ఆ పేరు ఆవిడకి బాగా తెలుసు. ఆవిడ సొంత అన్నయ్య బతికున్నన్నాళ్ళూ వాడాడు. 

"గువ్వా. ఈ పచ్చ మాత్రలెవరివి?"

గువ్వ మొహం అటు తిప్పుకున్నాడు.

"నీవేనా?"

"నావే మేడమ్." గొంతు చిన్నదైపోయింది. "ఫిట్స్‌వి. వేసుకుంటే మత్తు. ఒకసారి కునుకుపట్టి సార్‌కి దొరికిపోయా. ఇంకోసారి నిద్రపోతే రానక్కర్లేదన్నారు. ఖాళీ స్ట్రిప్పు చూపిస్తే గానీ మా అమ్మ ఊరుకోదు. అందుకని విప్పి ఇక్కడ..."

"ఎన్నాళ్ళైంది మానేసి?"

"మేడమ్," అన్నాడు గువ్వ. మాట తేడాగా వచ్చింది. "నోట్లో ఇనుము రుచి వస్తోంది. ఫిట్స్ వచ్చేముందు ఇలాగే..."

డిటెక్టివ్ అద్దంలోంచి కిందకి చూసింది. ఊచల మోపు సరిగ్గా ఒకటో క్రేన్ అడుగున గాల్లో ఉంది. దాని నీడలో ఫోను చెవికి పెట్టుకుని ఇన్‌స్పెక్టర్, పక్కన మేనేజరు, నిచ్చెన దగ్గర కాపలావాడు.

"చేతులు తియ్యి!" ఆవిడ అరిచింది. "లివర్ల మీంచి చేతులు తియ్యి నాన్నా! ఎర్రబటన్ నొక్కు! కిందున్నవాళ్ళంతా పరిగెత్తండి! నెత్తిమీద చూడండి! పరిగెత్తండ్రా!"

ఎదురు కేబిన్‌లో ఒక చెయ్యి లేచింది. ఎర్రబటన్ మీద పడింది. మోపు ఝల్లుమని ఆగి, ఆగినచోటే అటూ ఇటూ ఊగింది. ఒక ఊచ మోపులోంచి జారి, గాల్లో తిరుగుతూ పోయి, ఇన్‌స్పెక్టర్ అంతకుముందు నిలబడ్డ చోట నిలువునా దిగబడింది. అతను ఆసరికి మట్టిలో బోర్లా ఉన్నాడు. మోకాలి సంగతి గుర్తులేనట్టుంది.

"కిందకి జారి పక్కకి తిరిగి పడుకో. గువ్వా! నడుముకున్న బెల్టు విప్పకు. నేను చూస్తున్నాను. ఎక్కడికీ పోను." అద్దం వెనక ఆ పల్చటి ఒళ్ళు కొట్టుకోవడం ఆవిడ చూస్తూనే ఉంది. ఏమీ చెయ్యలేక, కళ్ళు తిప్పుకోలేక, మాట్లాడుతూనే ఉంది. ఇద్దరు కూలీలు బెల్టులు కూడా లేకుండా రెండో క్రేన్ నిచ్చెన పాకుతున్నారు. వాళ్ళలో ఒకడి గొంతు ఎట్టకేలకు వచ్చింది. "ఊపిరి ఉంది మేడమ్. ఉంది. కొట్టుకోవడం తగ్గుతోంది."

ఆవిడ నుదురు అద్దానికి ఆనించింది.

"ఇది కంపెనీ లోపలి వ్యవహారం," మేనేజరు రొప్పుతూ మొదలెట్టాడు. "ఛానెల్‌లో ఎవరూ నోరు విప్పకండి. పని కానివ్వండి. ఆపినవాడు రేపట్నించీ రానక్కర్లేదు."

"మూడో నంబరు క్రేన్," అంది కొత్త గొంతు ఒకటి, మెల్లగా. "నాకూ బీపీ. నేనూ మానేశా. లోడు దింపేశాను. ఇక ఎత్తను."

"లిఫ్టు నడిపేవాణ్ణి మేడమ్. సుగరు. ఇంజెక్షన్ చేసుకుంటే టైముకి తినాలి. ఇక్కడ టైముకి తిననివ్వరు. అందుకే మానేశా. కళ్ళు మసగ్గా ఉన్నాయి."

"నేను కాంక్రీటు బండి..."

"ఆపండి! ఛానెల్ కట్ చేయండి!" మేనేజరు గొంతు చించుకున్నాడు. "ఇన్‌స్పెక్టర్‌గారూ, ఆవిణ్ణి ముందు కిందకి దించండి!"

ఇన్‌స్పెక్టర్ మట్టి దులుపుకుంటూ లేచి, దిగబడ్డ ఊచని చూశాడు. చేతిలో వాకీటాకీ నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "ఛానెల్ ఎవరూ కట్ చెయ్యరు. సైట్ అంతా సీల్ చేస్తున్నాను. మేనేజరుగారూ, మీరు ఇక్కణ్ణించి కదలకండి. మేడమ్, మీరు కానివ్వండి."

ఒక్కో యంత్రం ఆగుతోంది. మిక్సర్ ఆగింది. లిఫ్టు ఆగింది. మూడో క్రేన్ చెయ్యి గాల్లో నిలిచిపోయింది. డిటెక్టివ్ ఆ సీట్లో సర్దుకుని కూర్చుని బటన్ నొక్కింది.

"వినండి. పేర్లు చెప్పక్కర్లేదు. ఎవరూ మిమ్మల్ని తిట్టరు, తిడితే వాళ్ళ పని నేను పడతాను. ఏ మందు మానేశారు, ఎందుకు మానేశారు, ఆ రెండే చెప్పండి. ఒక్కొక్కరూ రండి."

వాకీటాకీ గరగరమంది. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలెట్టారు.